చిన్న కాలేజీలో చేరితే చిన్నతనమా? అమెరికాలో దంతవైద్య చదువుకు మొదటి మెట్టు

2023లో దసరా సెలవులు అయిపోయిన వారం. మన ఆసుపత్రి దంత విభాగం ముందు బెంచీ మీద మాస్టారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. పళ్ల సెట్టుకు కొలతలు ఇవ్వడానికి వచ్చారు. మన సంఘంలో ఆయనను ఎరుగనివారు ఉండరు. ముప్పై ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనవారు. పేరు వేయవద్దన్నారు గనుక మాస్టారనే రాస్తున్నాము.

వార్డు రౌండ్సుకు వెళ్తూ పలకరించాము. "ఏమండీ మాస్టారూ, రెండు ఆదివారాలుగా ఆరాధనలో కనబడటం లేదు, ఒంట్లో బాగుండలేదా?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత మెల్లగా అన్నారు: "ఏ ముఖం పెట్టుకుని రమ్మంటారమ్మా? మనవరాలికి అమెరికాలో పెద్ద యూనివర్సిటీలో సీటు వచ్చిందని అందరికీ చెప్పుకున్నాను. పిల్ల పళ్ల డాక్టరు అవుతుందన్నాను. ఇప్పుడు చూస్తే ఆ సీటు వదిలేసి ఊళ్లో ఉన్న ఏదో కమ్యూనిటీ కాలేజీలో చేరిందట. డబ్బు చాలక చేర్చారు. మాకు చెప్పడం లేదు అంతే."

ఆయన బాధ వెనుక ఇంకో సంగతి ఉంది. ఆ పిల్ల ఫీజుకు కొంతైనా సాయం చేయాలని, ఉన్న ఎకరంలో అర ఎకరం మాగాణి బేరం పెట్టారు. కొనేవాళ్లు బయానా ఇవ్వడానికి కూడా సిద్ధపడ్డారు. మామ్మగారికి అది ఇష్టం లేదు. ఇంట్లో రెండు వారాలుగా మాటలు లేవు.

ఆ పిల్ల తల్లి మాకు పరాయిది కాదు. మన నర్సింగ్ స్కూల్లోనే జి.ఎన్.ఎం. చదివింది. అప్పుడు మేము ట్యూటరుగా ఉండేవాళ్లము. సిరంజిలు మరగబెట్టే దగ్గర నిలబడి పాఠాలు వల్లెవేసుకునే పిల్ల. తరువాత పరీక్షలు రాసి టెక్సస్‌లో స్టాఫ్ నర్సుగా చేరింది. ఆ రాత్రి వాట్సాప్‌లో మాట్లాడాము. మాస్టారు అనుకున్నది వేరు, అక్కడ జరిగింది వేరు. ఈ రెండేళ్లలో మన సంఘ కుటుంబాలు ఇంకొన్ని ఇదే విషయం అడిగాయి. బిడ్డలు అక్కడ, పెద్దవాళ్లు ఇక్కడ, మధ్యలో సగం అర్థమైన మాటలు. అందుకని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాము.

ముందు మనవాళ్లకు తికమక పెట్టే సంగతి చెప్పాలి. మన దేశంలో ఇంటర్ బైపీసీ చదివి, నీట్ రాసి, సీటు వస్తే నేరుగా బి.డి.ఎస్.లో చేరతారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు. అమెరికాలో అలా కాదు. ఇంటర్ లాంటి పన్నెండో తరగతి అయ్యాక మామూలు కాలేజీలో చదవాలి. చాలామంది నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేస్తారు. ఆ తరువాతే డెంటల్ కళాశాల, అది మరో నాలుగేళ్లు. చివర ఇచ్చే డిగ్రీని కొన్నిచోట్ల డి.డి.ఎస్. అంటారు, కొన్నిచోట్ల డి.ఎం.డి. అంటారు. రెండింటికీ విలువ ఒకటే. పేరు చూసి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనుకోనక్కరలేదు.

డెంటల్ కళాశాలలో అడుగుపెట్టే ముందు కొన్ని కోర్సులు తప్పనిసరిగా పూర్తిచేసి ఉండాలి. వాటినే ప్రీరిక్విజిట్స్ అంటారు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్. ఇవన్నీ ల్యాబుతో సహా, మామూలుగా ఒక్కొక్కటి రెండేసి సెమిస్టర్లు. ఇవి కాక ఇంగ్లీషు, చాలాచోట్ల బయోకెమిస్ట్రీ. కొన్నిచోట్ల మైక్రోబయాలజీ, అనాటమీ కూడా అడుగుతారు. ఏ కళాశాల ఏమి అడుగుతుందో దానిదే. అమెరికా డెంటల్ విద్యా సంఘం అన్ని కళాశాలల నిబంధనలతో గైడు ప్రచురిస్తుంది. పిల్లలు మొదటి సంవత్సరంలోనే దాన్ని తెరచి చూసుకోవాలి.

ఈ కోర్సులను పెద్ద యూనివర్సిటీలోనే చదవాలా, ఊళ్లో తక్కువ ఫీజు కాలేజీలో చదవకూడదా అన్నదే మాస్టారి మనవరాలి ఇంట్లో వచ్చిన ప్రశ్న.

కమ్యూనిటీ కాలేజీ అంటే మనం అనుకునేటట్లు సీటు రానివాళ్ల కోసం పెట్టిన ట్యుటోరియల్ కాదు. అది ప్రభుత్వ కాలేజీ. ఇల్లినాయ్ రాష్ట్రంలో జోలియెట్ అనే ఊరిలో 1901లో మొదలైన జూనియర్ కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది. డిగ్రీలోని మొదటి రెండేళ్ల పాఠాలు ఇక్కడ చెబుతారు. ఆ క్రెడిట్లు తీసుకుని పిల్లలు మూడో సంవత్సరానికి యూనివర్సిటీకి మారతారు. సాయంత్రం తరగతులు ఉంటాయి. ఉద్యోగం చేసేవాళ్లు, పిల్లల తల్లులు కూడా పక్క బెంచీలో కూర్చుంటారు. మన జి.ఎన్.ఎం. అమ్మాయే అక్కడ బి.ఎస్. నర్సింగ్ చేయడానికి కావలసిన కోర్సులు డ్యూటీ దిగాక ఇలాంటి కాలేజీలోనే చదువుకుంది.

ఇక ఫీజు. కాలేజ్ బోర్డు అనే సంస్థ ఏటా దేశమంతటి సగటు లెక్క వేస్తుంది. 2024-25లో ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలో, దాని పరిధిలో నివాసం ఉన్న విద్యార్థికి ఏడాది ట్యూషన్, ఫీజులు 4,050 డాలర్లు. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలో 11,610 డాలర్లు. ప్రైవేటు యూనివర్సిటీలో 43,350 డాలర్లు. అంటే రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివితే, ప్రభుత్వ యూనివర్సిటీతో పోల్చినా 15,000 డాలర్లు పైగా మిగులుతుంది. మన రూపాయల్లో పన్నెండు లక్షల పైమాటే. ఇంట్లో ఉండి చదువుకుంటే హాస్టలు, భోజనం ఖర్చు కూడా ఉండదు. అక్కడ ఆ ఖర్చు ప్రభుత్వ యూనివర్సిటీ ట్యూషన్ కంటే ఎక్కువే అవుతుంది. మాస్టారి మనవరాలికి సీటు వచ్చింది ప్రైవేటు యూనివర్సిటీలో. వాళ్లిచ్చిన స్కాలర్‌షిప్ పోను ఇంకా చాలా కట్టాలి.

"మేడమ్, అది డెంటల్ కళాశాల కాదు కదా, దానికి ముందు మెట్టు. ముందు మెట్టుకే ఉన్నదంతా ఊడ్చిపెడితే అసలు మెట్టుకు ఏం పెడతాం?" అని తల్లి మమ్మల్నే అడిగింది. అసలు మెట్టు ఎంత ఎత్తో చెబితే గాని ఆ మాట బరువు తెలియదు. 2024లో అమెరికా డెంటల్ కళాశాలల నుంచి బయటికి వచ్చినవారిలో అప్పు ఉన్నవారి సగటు విద్యా రుణం 3 లక్షల డాలర్లు దాటింది. పైగా 2025 జూలైలో అక్కడ కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా రుణం తీసుకునే డెంటల్, మెడికల్ వంటి విద్యార్థులకు ప్రభుత్వ రుణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు మించదు. అంతకుముందు ఖర్చంతటికీ ప్రభుత్వ రుణం దొరికే పద్ధతి ఉండేది, దాన్ని కొత్తవారికి తీసేశారు. మిగిలింది చేతి నుంచి పెట్టుకోవాలి, లేదా ప్రైవేటు బ్యాంకుల దగ్గరకు వెళ్లాలి. మొదటి రెండేళ్లలో మిగిల్చుకున్న ప్రతి డాలరుకూ ఇప్పుడు ఇదివరకటికంటె విలువ ఎక్కువ.

ఇంతవరకు చదివి "అయితే తక్కువ ఫీజు కాలేజీలో చేర్చేద్దాం" అనుకునేవారు కొంచెం ఆగాలి. మాస్టారి ఇంట్లో జరిగిన పొరపాటు చెబుతాము. తల్లి అనుమతితోనే రాస్తున్నాము.

టెక్సస్‌లో ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ కోర్సులకు రాష్ట్రమంతటా ఒకే నంబర్లు. నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి అంకె ఏ సంవత్సరం స్థాయో చెబుతుంది, రెండవది ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. సైన్సు మేజర్లకు చెప్పే మొదటి బయాలజీ కోర్సు నంబరు 1406. కెమిస్ట్రీలో కూడా 1406 అని ఒకటి ఉంది. అయితే అది నర్సింగ్ వంటి వైద్య అనుబంధ కోర్సులవారికి ఉద్దేశించిన పరిచయ పాఠం. డెంటల్ కళాశాలలు అడిగే జనరల్ కెమిస్ట్రీ మొదటి భాగం నంబరు 1411. తల్లి తన నర్సింగ్ కోసం చదివింది మొదటిది. "నేను చదివాను, ఆ సారు బాగా చెబుతారు, దీంట్లోనే చేరు" అని కూతురికి చెప్పింది. రెండూ 1406లే కదా, జోడీ అనుకుని ఆ పిల్ల కూడా చేరిపోయింది. "ఎ" గ్రేడు తెచ్చుకుంది. డిసెంబరులో కౌన్సిలరు దగ్గర కూర్చున్నప్పుడు గాని తెలియలేదు, ఆ కెమిస్ట్రీ డెంటల్ కళాశాల లెక్కలోకి రాదని.

"నేనే తప్పు దారి చూపించాను మేడమ్" అని తల్లి ఫోనులో ఏడ్చింది. నర్సులం కదా, వైద్యానికి సంబంధించిన ప్రతి దారీ మనకు తెలుసనుకుంటాము. మేమైనా ఆమె స్థానంలో ఉంటే అదే చెప్పేవాళ్లము.

పోయింది నాలుగు క్రెడిట్ల ఫీజు ఒక్కటే కాదు. ఈ కెమిస్ట్రీ చదువు గొలుసులాంటిది. జనరల్ కెమిస్ట్రీ మొదటి భాగం అయితేనే రెండవ భాగం. అది అయితేనే ఆర్గానిక్ మొదటి భాగం, ఆ తరువాత రెండవది, ఆపైన బయోకెమిస్ట్రీ. ఐదు సెమిస్టర్ల వరుస. ఒక లింకు జారితే చివరి వరకు జారుతుంది. డెంటల్ అప్లికేషన్లేమో ఏడాదికి ఒక్కసారే, వేసవి ముందు తెరుస్తారు. ఒక సెమిస్టరు పోతే ఒక్కోసారి ఏడాది పోయినట్టే. ఆ పిల్ల 2024 వసంతంలో 1411 చదివి, రెండవ భాగాన్ని వేసవి సెలవుల్లో చదివి గొలుసును మళ్లీ కలుపుకుంది. వేసవిలో నాలుగు నెలల పాఠం కొన్ని వారాల్లో చెప్పేస్తారు. ఉదయం తరగతి, మధ్యాహ్నం ల్యాబు, రాత్రి చదువు. "నైట్ డ్యూటీ నుంచి నేను ఇంటికొచ్చే సరికి అది పుస్తకం మీదే పడి నిద్రపోయేది" అని తల్లి చెప్పింది.

కాబట్టి తక్కువ ఫీజు కాలేజీలో చేరదలచినవారు చేరకముందే మూడుచోట్ల అడగాలి. చదువుతున్న కాలేజీలో, తరువాత మారబోయే యూనివర్సిటీలో, చివరకు చేరాలనుకునే డెంటల్ కళాశాలలో. ఈ మూడో చోటును అందరూ మరచిపోతారు. క్రెడిటు బదిలీ అవుతుంది అన్నంత మాత్రాన ఆ కోర్సుకు బదులుగా ఒప్పుకుంటారని కాదు. ఉత్త ఎలక్టివ్ కింద జమ వేసి ఊరుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ ప్రభుత్వ యూనివర్సిటీ కోర్సుకు సమానమో చూపించే అసిస్ట్ అనే ప్రభుత్వ జాబితా ఉంది. టెక్సస్‌లో ముందు చెప్పిన నంబర్లు ఉన్నాయి. అయినా డెంటల్ కళాశాల నుంచి జవాబు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకుని దాచుకోవడం మంచిది.

డెంటల్ కళాశాలలన్నీ ఒకే మాట చెప్పవు. చాలా కళాశాలలు కమ్యూనిటీ కాలేజీ కోర్సులను తీసుకుంటాయి. కొన్ని ఇన్ని క్రెడిట్ల వరకే అని హద్దు పెడతాయి. ఇంకొన్ని తీసుకుంటామంటూనే, సైన్సు కోర్సులు నాలుగేళ్ల యూనివర్సిటీలో చదివితే మేలు అని రాస్తాయి. మరి ఏం చేయాలి? మొదటి రెండేళ్లు ఇక్కడ చదివినా, యూనివర్సిటీకి మారాక బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫిజియాలజీ వంటి పైస్థాయి కోర్సులు తీసుకుని అక్కడ కూడా మంచి గ్రేడ్లు తెచ్చుకోవాలి. చిన్న కాలేజీలో వచ్చిన "ఎ"లు సులభంగా వచ్చినవేమో అన్న అనుమానం ఎవరికైనా ఉంటే దానికి అదే జవాబు. మాస్టారి మనవరాలు 2025లో రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీకి మారి ఇదే చేస్తోంది.

అసలైన పరీక్ష ఇంకొకటి ఉంది. డ్యాట్ అంటారు. అమెరికా డెంటల్ అసోసియేషన్ పెడుతుంది. పెద్ద యూనివర్సిటీ పిల్లకూ, కమ్యూనిటీ కాలేజీ పిల్లకూ ఒకటే పేపరు. బయాలజీ 40 ప్రశ్నలు, జనరల్ కెమిస్ట్రీ 30, ఆర్గానిక్ 30, ఈ వందకూ 90 నిమిషాలు. ఇవి కాక ఆకారాలను మనసులో తిప్పి చూసే భాగం, చదివి అర్థం చేసుకునే భాగం, లెక్కలు. ఫిజిక్స్ ఉండదు. 2025 మార్చి నుంచి మార్కులను 200 నుంచి 600 వరకు ఉండే కొత్త కొలతలో ఇస్తున్నారు. పాత పుస్తకాల్లో 30కి ఇన్ని అని ఉంటే కంగారు పడవద్దు.

గ్రేడ్ల విషయంలో మన పిల్లలు మోసపోయే చోటు ఒకటుంది. యూనివర్సిటీకి మారినప్పుడు చాలాచోట్ల పాత కాలేజీ గ్రేడ్లు కొత్త సగటులో కలపరు. దాంతో "అక్కడ ఎలా చదివినా పరవాలేదు, మళ్లీ మొదటి నుంచి లెక్క" అనుకుంటారు. డెంటల్ అప్లికేషన్లు ఒకేచోట తీసుకునే సర్వీసు మాత్రం చదివిన ప్రతి కాలేజీ నుంచీ ట్రాన్‌స్క్రిప్టు తెప్పించుకుంటుంది. హైస్కూల్లో ఉండగా కాలేజీ క్రెడిట్ కోసం చదివిన కోర్సులు కూడా అందులోకే వస్తాయి. తప్పిన కోర్సు మళ్లీ చదివితే పాత గ్రేడు చెరిగిపోదు, రెండూ లెక్కలోకి వస్తాయి. తక్కువ ఫీజు అని ఒకేసారి ఎక్కువ కోర్సులు నెత్తిన వేసుకోవడం అందుకే ప్రమాదం. అక్కడ పార్ట్ టైమ్ ఉద్యోగం చేస్తూ ఐదు కోర్సులు తీసుకుని రెండింటిలో "సి"లు తెచ్చుకున్న పిల్లలు ఉన్నారని తల్లి చెప్పింది. ఫీజు మిగిలింది గాని అప్లికేషను బలహీనపడింది.

ఇక్కడి నుంచి పిల్లలను నేరుగా అమెరికా పంపి డెంటల్ చదివిద్దామనుకునేవారికి రెండు మాటలు. పైన రాసిన తక్కువ ఫీజు అక్కడ నివాసం ఉన్నవారికి. స్టూడెంట్ వీసా మీద వెళ్లేవారికి అదే కాలేజీలో ఎక్కువ ఫీజు ఉంటుంది. ప్రభుత్వ విద్యా రుణం రాదు, విదేశీ విద్యార్థులను తీసుకోని డెంటల్ కళాశాలలూ చాలా ఉన్నాయి. ఇక బి.డి.ఎస్. చదివి, పెళ్లయి అక్కడికి వెళ్లిన అమ్మాయిలది పూర్తిగా వేరే దారి. ఐ.ఎన్.బి.డి.ఇ. అనే బోర్డు పరీక్ష రాసి, విదేశీ డెంటిస్టులకు ఉండే రెండు, మూడేళ్ల ప్రోగ్రాములకు ప్రయత్నించాలి. బయాలజీ, కెమిస్ట్రీ మళ్లీ మొదలుపెట్టమని ఎవరైనా చెబితే ఫీజు కట్టే ముందు ఆ కళాశాలలనే అడిగి నిర్ధారించుకోవాలి.

ఇదంతా 2023లో మాకు ఇంత వివరంగా తెలియదు. ఆ రోజు మాస్టారికి చెప్పగలిగింది ఒక్కటే. "మేమూ డిప్లొమావాళ్లమే కదండీ. మా నాన్నగారికి బి.ఎస్సీ. నర్సింగ్ చదివించే స్తోమతు లేక, స్టైపెండు వస్తుందని జి.ఎన్.ఎం.లో చేర్చారు. డిగ్రీ కాదుగా అని చుట్టాలు అన్నారు. మీ అమ్మాయీ అదే చదివి అమెరికా ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తోంది. పిల్ల చదువు మానలేదు, ఖర్చు తగ్గించుకుంది." ఆయన వెంటనే ఒప్పుకోలేదు. మామ్మగారు మాత్రం, "నేను చెబితే వినలేదు, సిస్టరమ్మ చెబితే వింటున్నారు" అన్నారు. బయానా తీసుకోలేదు. ఆ అర ఎకరం ఇప్పటికీ కౌలుకే ఉంది. డెంటల్ కళాశాలలో సీటు వచ్చినప్పుడు అవసరమైతే చూద్దామనుకున్నారు.

మొన్న కింది సెట్టు వదులైందని మాస్టారు మళ్లీ దంత విభాగానికి వచ్చారు. డాక్టరుగారు చూస్తుండగానే అమెరికా నుంచి వీడియో కాల్. "తాతయ్యా, నోరు పెద్దగా తెరువు, కింది చిగురు నేను చూడాలి" అని మనవరాలు. పళ్లు లేని నోటితో ఆయన ఏదో అన్నారు, మాకెవరికీ అర్థం కాలేదు, ఆ పిల్లకు అర్థమై నవ్వింది. కాల్ అయ్యాక చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. పిల్ల చదవవలసిన కోర్సుల నంబర్లన్నీ మాస్టారి గుండ్రటి దస్తూరితో వరుసగా ఉన్నాయి, అయిపోయిన వాటి పక్కన టిక్కులు. తప్పు కెమిస్ట్రీని కొట్టేసి పక్కన "పనికిరాదు" అని రాశారు. ఆర్గానిక్ రెండవ భాగం పక్కన మాత్రం టిక్కుతో పాటు చిన్న ప్రశ్నార్థకం ఉంది.

"ఇదేమిటి మాస్టారూ, ఇది ఎప్పుడో పాసైంది కదా?" అన్నాము.

"పాసైంది గాని, బి వచ్చింది. ఎ ఎందుకు రాలేదో ఇంతవరకు సరిగా చెప్పలేదమ్మా," అన్నారు.